రష్యా రైతు కొనుక్కున్న విముక్తి

పూర్తి కమతం ఉన్న ఒక భూదాసు, అంటే జమీందారు భూమికి కట్టుబడిన రైతు, తన జమీందారుకు ఏటా 10 రూబుళ్ల ఒబ్రోక్, అంటే రొక్కపు కప్పం, కడుతున్నాడనుకుందాం. 1861లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ భూదాస్యాన్ని రద్దు చేశాక ఆ కమతానికి వెల ఎలా కట్టారో చూడండి. నూటికి ఏడాదికి ఆరు వడ్డీ మీద 10 రూబుళ్లు రావాలంటే ఎంత అసలు కావాలి? 166 రూబుళ్ల 67 కోపెక్కులు. అదే వెల. అందులో 80 శాతం, సుమారు 133 రూబుళ్లు, ప్రభుత్వం జమీందారుకు బాండ్లుగా ఇచ్చింది. మిగతా 20 శాతం రైతే నేరుగా ఇచ్చుకోవాలి. రైతు ఒప్పుకోకుండా జమీందారే అమ్మకానికి పట్టుబడితే మాత్రం అతను ఆ 20 శాతం వదులుకోవాలి. ప్రభుత్వం ఇచ్చినది రైతు మీద బాకీ, దానికి ఏటా 8 రూబుళ్ల చొప్పున 49 ఏళ్లు కట్టాలి. మొత్తం 392.

ఈ వెలకు నేల సారంతో పనిలేదు. అన్యాయమంతా అక్కడే ఉంది. నేల పేదగా ఉండే ఉత్తరాది జిల్లాల్లో చాలామంది ఒబ్రోక్ కట్టింది పంట అమ్మి కాదు, వడ్రంగానికో బండి తోలడానికో ఊరు దాటి తెచ్చిన కూలితో. ఆ కూలి మీది కప్పాన్నే భూమి వెలగా రాశారు. మనిషికి వెల లేదని చట్టం అంటూనే, అతని చేతిపనికి భూమి పేరుతో వెల వసూలు చేసింది. సారవంతమైన నల్లనేలల్లో జమీందార్లకు భూమే కావాలి, కాబట్టి కమతాల్లోంచి ముక్కలు కోసుకున్నారు. పశువుల బీడో నీళ్లకు పోయే దారో ఆ ముక్కలో పోతే, దాన్ని వాడుకోవడానికి రైతు మళ్లీ దొర పొలంలో దున్నాల్సిందే.

దొర ఇంట్లో చాకిరీ చేసే భూదాసులకు సెంటు భూమి కూడా రాలేదు. కప్పమూ వెలా వద్దనుకున్నవాళ్లకు కమతంలో నాలుగో వంతు ఉచితంగా ఇచ్చారు. పిల్లలు పెరిగి ఇళ్లు వేరుపడ్డాక అది తిండికి చాలలేదు.

బాకీకి ఊరంతా ఉమ్మడి జామీను. ఒకడు కట్టకపోతే పక్కవాళ్లు కట్టాలి గనుక, మీర్ అనే గ్రామ సముదాయం ఎవర్నీ తేలిగ్గా ఊరు వదలనిచ్చేది కాదు. చాలాచోట్ల పొలాన్ని ఇంటి మనుషుల్ని బట్టి మళ్లీ మళ్లీ పంచేది కూడా ఆ సముదాయమే. ఎరువు వేసిన చెక్క రేపు ఇంకొకరిదైతే ఎరువెవరు వేస్తారు? పొలాన్ని పంచినా గుర్రాన్ని పంచరు. గుర్రం లేని ఇల్లు తన చెక్కను గుర్రమున్నవాడికి కౌలుకిచ్చి, అతని దగ్గరే కూలికి చేరేది.

ఉమ్మడి జామీనును 1903లో చాలా ప్రాంతాల్లో ఎత్తేశారు. వాయిదాలు ఆగడానికి 1905 నాటి రైతుల తిరుగుబాట్లు కావాల్సి వచ్చింది: 1906లో సగానికి తగ్గించి, 1907 జనవరి నుంచి పూర్తిగా రద్దు చేశారు.