గృహస్థు – డిస్కు ధర్మం

2021 జూన్ 1న గూగుల్ ఫోటోస్ అపరిమిత ఉచిత నిల్వకు స్వస్తి పలికి, 15 జీబీ దాటిన జ్ఞాపకాలకు అద్దె అడగడం మొదలుపెట్టిన నాటి నుంచి మధ్యతరగతి గృహస్థులో స్వావలంబన కాంక్ష ప్రబలింది. నెలనెలా అద్దె కట్టడం ఆత్మగౌరవానికి భంగమని తలచి, ఆ అద్దె ఏళ్ల తరబడి కట్టడానికి సరిపోయే మొత్తాన్ని ఒక్క రోజులోనే చెల్లించి, ఆయన నాస్ అనే, ఇంటి నెట్‌వర్క్‌లో అందరి ఫైళ్లనూ డిస్కుల్లో దాచే పెట్టెను టీవీ కింద ప్రతిష్ఠించుకున్నారు. ఈ పొదుపును ప్రశ్నించడం సంస్కారం కాదు.

డిస్కుల ఎంపికలో ఆయన డబ్బా మీది 'నాస్' అన్న అక్షరాలను నమ్ముతారు. వెస్టర్న్ డిజిటల్ సంస్థ తన రెడ్ శ్రేణిలోని కొన్ని డిస్కులను, నాస్‌లో పాడైన డిస్కు స్థానంలో కొత్తదాన్ని నింపే పునర్నిర్మాణాన్ని నత్తనడక నడిపించే ఎస్ఎంఆర్ (డేటా వరుసలను ఒకదానిపై ఒకటి కొంత అతివ్యాప్తిగా రాసే) పద్ధతిలో తయారుచేసి, ఆ మాట కొనుగోలుదారులకు చెప్పలేదని 2020లో బయటపడింది. వరుసలు ఒకదానిపై ఒకటి పడని సీఎంఆర్ అని చూసి కొనాలన్నది అందులోని పాఠం. ఆఫర్ ముగిసిపోతున్న వేళ పాఠాలు చదవడం ఎవరికి సాధ్యం?

4 టీబీ డిస్కులు రెండు బిగించాక తెరపై దాదాపు ఒక్క డిస్కు పాటి 3.6 టీబీ మాత్రమే కనబడితే ఇల్లాలు కారణం అడగడం సహజం. రెయిడ్ 1లో రెండో డిస్కు మొదటిదానికి ప్రతిరూపమనీ, ఒకటి పాడైనా రెండోది నిలుస్తుందనీ ఆయన సెలవిస్తారు. అది నిజమే. అయితే చెల్లెలి పెళ్లి ఫోటోల ఫోల్డరును ఎవరో పొరపాటున తొలగించినప్పుడు, ఆ ప్రతిరూపం తన డిస్కులోనూ అదే క్షణాన, ఎంతమాత్రం పక్షపాతం లేకుండా తొలగిస్తుంది. ఫైళ్ల పాత స్థితిని భద్రపరిచే స్నాప్‌షాట్ల సదుపాయం ఉన్న పెట్టెలో ముందే దాన్ని ఆన్ చేసి ఉంటే ఫోటోలు తిరిగివచ్చేవి. కానీ ఆ మెనూ దాకా వెళ్లేసరికి ఆదివారం అయిపోయింది. ఇక దొంగ వచ్చినా, పిడుగు పడినా రెండు డిస్కులూ కలిసే పోతాయి, ఎందుకంటే అవి ఒకే పెట్టెలో, ఒకే ప్లగ్గుకు, యూపీఎస్ ఊసు లేకుండా కాపురముంటున్నాయి.

డాలస్‌లోని కొడుకు మనవడి వీడియోలు నేరుగా ఇందులోకే పంపాలని రౌటర్‌లో పోర్టు, అంటే ఇంటర్నెట్ నుంచి ఇంట్లోకి దారి, తెరవడం తర్వాతి ఘట్టం. తెరిచిన పోర్టులోంచి కొడుకు ఒక్కడే వస్తాడని ఆయన విశ్వాసం. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న, క్యూనాప్ సంస్థ చేసిన నాస్ పెట్టెల్లోని ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి 0.03 బిట్‌కాయిన్ కోరింది. అనుమతి ఉన్నవారికే రహస్య దారి ఇచ్చే వీపీఎన్ పెట్టుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది గానీ, అందులో గృహస్థు ఔదార్యం కనిపించదు.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట అన్నది నిపుణుల సూత్రం. ఆ బయటి ప్రతికి నమ్మకమైన చోటు అత్తవారిల్లేనని ఇల్లాలు ప్రతిపాదించారు. కష్టార్జితమైన డేటాను ఇల్లరికం పంపడం తమ వంశంలో లేదని గృహస్థు అభ్యంతరం తెలిపినందున, ఆ నిర్ణయం ప్రస్తుతానికి వాయిదా పడింది.