బోర్ బండి గాలితో నానో కోటింగా?

అనంతపురం గ్రూపులన్నీ తిరిగి మళ్లీ వచ్చింది ఆ మెసేజ్: “కోల్డ్ స్ప్రే నానో సెరామిక్ కోటింగ్. రష్యా టెక్నాలజీ. బోర్ బండి కంప్రెసర్, నానో అల్యూమినా పొడి ఉంటే చాలు. పొడి కరిగి గాజులా పట్టేస్తుంది. ఎక్స్‌రేలో గింజ 20 నానోమీటర్లని తేలింది. మోటరు ఇంపెల్లర్లు (నీళ్లు తోసే చక్రాలు) ఇసుకకు జన్మలో అరగవు.” పంపేముందు ఒక్కసారన్నా చదవండప్పా.

రష్యాదే, నిజం. 1980లలో నోవోసిబిర్‌స్క్‌లో పుట్టింది. సంతోషం.

కరుగుతుందట! కరిగేదానికి కోల్డ్ అని పేరెందుకు పెడతారు? ఇందులో పొడిని గాలితో మహా వేగంగా కొడతారు; రేణువు కరగకుండా, గట్టిగా ఉన్నది ఉన్నట్టే వచ్చి గుద్దుకుని, చపాతీలా సాగి అతుక్కుంటుంది. రాగి సాగుతుంది. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పింగాణీ లాంటిది, సాగదు, పగులుతుంది. మెత్తటి లోహమైతే మొదట కొన్ని గుచ్చుకుంటాయి. తర్వాతవి వాటికే తగిలి ఎగిరిపోతూ కింది లోహాన్ని చెక్కేస్తాయి. మన వర్క్‌షాపుల్లో దీన్ని శాండ్ బ్లాస్టింగ్ అంటారు, తుప్పు రాల్చడానికి వాడతారు.

ఇక కంప్రెసర్. బోర్ బండిలో 20 బార్ ఉంటుంది, సరే. వేడేదీ? 27 డిగ్రీల గాలి ఎంత ప్రెషర్ పెట్టినా సెకనుకు దాదాపు 776 మీటర్లు దాటలేదు. మామూలు స్ప్రే గన్ సన్నటి గొంతులో అయితే 317 దగ్గరే ఆగుతుంది. రేణువు అంతకన్నా వెనకే. రాగి అతకడానికే 500 చుట్టుపక్కల కావాలి. అందుకే అసలు యంత్రంలో నైట్రోజన్‌ను వందల డిగ్రీలకు కాచి, గొంతు దాటాక మళ్లీ వెడల్పయ్యే నోజిల్‌లోంచి వదులుతారు.

విడి నానో పొడితో ఇంకో తంటా. పూత పూసే వస్తువు ముందు గాలి దిండులా పేరుకుంటుంది. అంత తేలిక రేణువు దాన్ని చీల్చలేక గాలితోపాటే పక్కకు మళ్లుతుంది. ఇంపెల్లర్‌కు పట్టదు గానీ, కొట్టేవాడి ఊపిరితిత్తులకు బాగానే పడుతుంది. ఈ ముక్క మాత్రం మెసేజ్‌లో లేదు.

20 నానోమీటర్లా? గింజంటే రేణువు లోపలి చిన్న స్ఫటికం. ఎక్స్‌రే పరీక్షలో వచ్చే గీత వెడల్పును బట్టి దాని సైజు లెక్కేస్తారు. ఆ గీత గింజ చిన్నదైనా వెడల్పవుతుంది, గుద్దుడుకు లోపల బిగిసినా వెడల్పవుతుంది. రెండూ విడదీయకుండా చెప్పే అంకె దండగ.

అయితే నానో గింజ కోల్డ్ స్ప్రేలో నిలుస్తుందన్న మాట అబద్ధం కాదు. గట్టి టంగ్‌స్టన్ కార్బైడ్ నానో గింజల్ని సాగే లోహం కోబాల్ట్‌తో కలిపి 10–45 మైక్రాన్ల ఉండలు కడతారు. బూందీ లడ్డు అనుకోండి: కార్బైడ్ బూందీ, కోబాల్ట్ పాకం. సాగి అతికేది పాకమే. కరగదు కాబట్టి బూందీ పెరగదు, మంటతో కొట్టే పద్ధతుల్లో లాగా కార్బన్ పోయి పెళుసుబారదు. ఆ కోటింగ్ మంచిదే. బోర్ బండితో వచ్చేది కాదు.

అన్నట్టు, మన బోరు మోటర్లలో చాలావాటికి ఇంపెల్లర్ నోరిల్ ప్లాస్టిక్. దాని మీద ఈ పొడి కొట్టండి, ఇసుక ఏళ్లతరబడి చేసే పని నిమిషాల్లో అయిపోతుంది.