చెత్త కరవైన శనివారం

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛతకు అంకితం కనుక, మొన్న మా కాలనీ రోడ్డు పక్కన జరిగిన శ్రమదానంలో పాల్గొనే మహాభాగ్యం నాకూ దక్కింది. ఏడు గంటలకు రమ్మని ఎనిమిదింపావుకు మొదలుపెట్టారని తప్పుపట్టకూడదు. ఫ్లెక్సీ రాకుండా చీపురు ముట్టడం మన సంప్రదాయం కాదు. వచ్చిన ఆ పన్నెండడుగుల ప్లాస్టిక్ పటం మీద 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అన్న నినాదం చిన్నగానూ, తరిమికొట్టబోయే పెద్దల ముఖాలు పెద్దగానూ ఉన్నాయి.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. రోడ్డు మీద చెత్త లేదు. పారిశుద్ధ్య కార్మికురాలు తెల్లవారుజామున అయిదింటికే వచ్చి, బొత్తిగా బాధ్యత లేకుండా, అంతా ఊడ్చేసి పోయింది. పెద్దలు అత్యవసర సమాలోచన జరిపారు. 2014 నవంబరులో ఢిల్లీలో ఒక నాయకుడు ఊడవడం కోసం ముందుగా ఎండుటాకులూ చెత్తా పోయించిన సంగతి పత్రికలకెక్కడం ఒకరికి గుర్తొచ్చింది గానీ, మా రోడ్డు చెట్లను వెడల్పు పేరుతో మునుపే నరికేసినందున ఆ దారి మూసుకుపోయింది. చివరకు సందు మలుపులో బండి తోసుకుంటూ పోతున్న ఆవిడనే పిలిచి, "ఏమ్మా, బండిలోది ఒక తట్టెడు ఇలా పొయ్యమ్మా, పొడి చెత్తే సుమా" అన్నారు. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయమని ఏళ్ల తరబడి మొత్తుకున్నా వినని మా కాలనీ ఆ సూత్రాన్ని పాటించడం అదే మొదలు. "ఇప్పుడేగా బాబూ ఎత్తింది" అంటూనే ఆవిడ పోసింది.

ఇక చూడాలి మా పరాక్రమం! ధర చీటీ ఊడని నలభై కొత్త చీపుళ్లు ఒక్క చిప్స్ ప్యాకెట్‌ను చుట్టుముట్టాయి. కార్యదర్శి దాన్ని తూర్పుకు ఊడిస్తే, ఫొటోలో తాను పడలేదని కోశాధికారి పడమటికి ఊడ్చారు. "సార్, కిందికి కాదు, ఇటు చూస్తూ ఊడవండి" అని ఫొటోగ్రాఫర్ అరిచేసరికి, ఎవరూ చూడని ఆ ప్యాకెట్ మెల్లగా పక్క కాలువలోకి జారి ముక్తి పొందింది. ఈ మహాయజ్ఞానికి పట్టిన కాలం 11 నిమిషాలు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ ప్రతిజ్ఞ ప్రకారం ఏడాదికి 100 గంటల శ్రమదానం చేయాలి. నెలకు 11 నిమిషాల చొప్పున మా బాకీ ఇంకా 97 గంటల 48 నిమిషాలు. ఎవరూ అడగరు లెండి.

తర్వాత ఇడ్లీలు వచ్చాయి. తిన్న పళ్లేలు, తాగిన సీసాలు, నలభై జతల గ్లౌజులు, అందులో నావీ ఉన్నాయి, అక్కడే రాలిపోయాయి. వాటిని ఎత్తడానికి మళ్లీ ఆవిడే వచ్చింది. వట్టి చేతులతో. చెత్త ఎత్తేవారికి చేతి తొడుగులు, మాస్కులు, తగిన పాదరక్షలు, వానకోట్లు అందాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమావళి రాసిపెట్టింది. గాజు పెంకులూ, ఇళ్లలో వాడిపారేసిన సూదులూ, చంటిపిల్లల డైపర్లూ రోజూ ఆ చేతుల్లోంచే పోతున్నాయి. చెత్త ముట్టని నలభై మందికి గ్లౌజులు కొన్నాం. ఆవిడకు ఒక్క జత ఇవ్వడానికి మాకు చేతులు రాలేదు. సిగ్గుండాలి మాకు! ఆవిడ ఊడ్చిన రోడ్డును మళ్లీ ఆవిడ చేతే పాడు చేయించి, దానికి శ్రమదానమని పేరు పెట్టుకున్నాం.

ఇల్లు కురుస్తోందనీ, కప్పు మీద వేసుకుంటాననీ ఆవిడ ఆ ఫ్లెక్సీ అడిగింది. వచ్చే నెల తేదీ మార్చి మళ్లీ కట్టాలి గనుక ఇవ్వడం కుదరదని కార్యదర్శిగారు ఎంతో మర్యాదగా చెప్పారు.