ఇంటిపేరు చేసిన ఘనకార్యం

సైన్సు అకాడమీ పతకానికి గడువు ఈ రాత్రి పన్నెండింటికే అని తెలియగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏ అకాడమీ? మనకు జాతీయ స్థాయివి మూడున్నాయి. మేఘనాద్ సాహా 1930లో అలహాబాదులో ఒకటి పెట్టారు, సి.వి. రామన్ 1934లో బెంగళూరులో ఒకటి పెట్టారు. 1935లో కలకత్తాలో పుట్టిన మూడోది తర్వాత ఢిల్లీకి కాపురం మార్చి, 1970లో పేరు కూడా మార్చుకుంది. బెంగళూరు యశవంతపుర దగ్గరుండే తెలుగు లెక్కల మాస్టారు ఒకదాని ఫారం నింపి, ఇంకోదాని ఫెలో గారితో, అంటే ఎన్నికైన సభ్యుడితో, సంతకం పెట్టించుకు రావడం అరుదేమీ కాదు.

సాధారణంగా ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోకూడదు, ఫెలో గారు ప్రతిపాదించాలి. ఆయనేమో "మీరే రాసి పంపండి నాయనా, సంతకం పెట్టేస్తాను" అంటారు. అలా తన గురించి తనే, ఎవరో రాసినట్టు, వంద మాటల్లో పొగుడుకోవాలి.

ఇదంతా ఒక ఎత్తు, పేరు రాయడం ఒక ఎత్తు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. పరిశోధన పత్రాల్లో అది పొడి అక్షరమవుతుంది. పాస్‌పోర్టులో వెనక్కి పోతుంది. ఆఫీసులో పొడి అక్షరమంటే తండ్రి పేరే అనుకునే కోలారు వైపు గుమాస్తా ఉంటే సరదా ముదురుతుంది.

"ఈ 'వై' మీ నాయన పేరా సార్?"

"కాదండీ, ఇంటిపేరు."

"మరి నాయన పేరేదీ?"

"అది నా పేర్లో లేదండీ."

"అయ్యో పాపం!"

గణితంలో రచయితల పేర్లు ఇంటిపేరు ప్రకారం ఇంగ్లీషు అక్షరక్రమంలో వేస్తారు. ఇంటిపేరు 'వై'తో మొదలైతే జన్మంతా చివరి కుర్చీయే. జీవశాస్త్రంలో చివరి పేరు ల్యాబు పెద్దది కనక, ఆ శాఖ నుంచి కమిటీకి వచ్చిన పెద్దమనిషికి ఈ ముప్పై రెండేళ్ల కుర్రాడు అందరికీ గురువులా కనిపిస్తాడు. ఫారంలో ఇంటిపేరూ అసలు పేరూ తారుమారై, అసలు పేరు 'ఏ'తో మొదలైతే మరీ బాగు: అదే మనిషి వరసలో ముందుకొచ్చేస్తాడు! జాబితా కింద "పేర్లు అక్షరక్రమంలో" అని ఒక్క ముక్క రాస్తే ఈ గొడవుండదు. ఎవరూ రాయరు.

చివరికి ఫైలు. రెండు ఎంబీ దాటకూడదంటారు. పత్రాలు తేలికే, బరువంతా వయసు రుజువుకని రంగుల్లో స్కాన్ చేసిన మెమోదే. అన్నీ కలిపేసి కుదిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు పేజీలన్నిటినీ బొమ్మలు చేసేస్తాయి. ఘాతాంకాలు అలుక్కుపోయి, ఎక్స్ ఘనం కాస్తా ఉత్త ఎక్స్ అవుతుంది. మెమో ఒక్కదాన్నే నలుపు-తెలుపులో, 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) దగ్గర స్కాన్ చేసి, ఆ తర్వాత కలపాలి. ఈ సంగతి పదకొండున్నరకు గుర్తుకురాదు.

పారిస్ అకాడమీ కూడా తక్కువ తినలేదు. ఒక సంఖ్యను అయిదు వర్గాల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయొచ్చో తేల్చమని 1883 బహుమతికి ప్రశ్న ఇచ్చింది. ఆ ఫలితాన్ని ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త హెన్రీ స్మిత్ 1867లోనే అచ్చువేశాడని దానికి తెలియదు! పాపం స్మిత్ అడిగింది కాదనలేక నిరూపణతో సహా మళ్లీ రాసి పంపాడు, ఫలితం వచ్చేలోపే పోయాడు. బహుమతి ఆయనకూ, పద్దెనిమిదేళ్ల మింకోవ్‌స్కీకీ కలిపి ఇచ్చారు. నిబంధన ఫ్రెంచిలో రాయమని. మింకోవ్‌స్కీ పంపింది జర్మన్‌లో. అయినా తీసుకున్నారు. మన పోర్టల్‌లో అయితే గడి చుట్టూ ఎర్రగీత వచ్చేది, 'సబ్మిట్' నొక్కుడు పడేదే కాదు.