సున్నా ఫ్రైట్‌కు చెన్నైలో కట్టే ధర

పారీస్ కార్నర్, షావుకారుపేట వీధుల్లో తరాలుగా వ్యాపారం చేస్తున్న తెలుగువారిలోనూ, అంబత్తూరులో చిన్న యూనిట్లు నడుపుకుంటున్నవారిలోనూ చైనా నుంచి నేరుగా సరుకు తెప్పించుకునేవారు ఉన్నారు. వీరిలో చాలామంది మూడు నాలుగు కొటేషన్లు తెప్పించుకుని, ఓషన్ ఫ్రైట్ (ఓడ కిరాయి) అన్న వరుసలో ఏ అంకె తక్కువుంటే దానికే ఖాయం చేసేస్తారు. కంటైనర్ మొత్తం నిండేంత సరుకు లేక, ఇతరుల సరుకుతో కలిపి ఎల్‌సీఎల్‌గా తెప్పించుకునేవారికి ఈ పద్ధతి నష్టమే చేస్తుందని నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా ఛార్జీ దేనిపై వేస్తారో చూద్దాం. ఎల్‌సీఎల్‌లో సరుకు ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎన్ని టన్నులు అన్న రెండు లెక్కలూ కట్టి, ఏది ఎక్కువైతే దానిపై వసూలు చేస్తారు. పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 0.8, ఎత్తు 1.5 ఉన్న ప్యాలెట్ (చెక్క బల్లపై పేర్చి కట్టిన సరుకు) 1.44 క్యూబిక్ మీటర్లవుతుంది. అలాంటివి రెండు కలిపి 2.88. వాటిలో 900 కిలోల ప్లాస్టిక్ సామాను ఉంటే 2.88 మీదే ఛార్జీ పడుతుంది, అదే కొలతలో మూడున్నర టన్నుల ఇనుప విడిభాగాలుంటే 3.5 మీద పడుతుంది. అమ్మకందారు చెప్పే కొలత చాలాసార్లు అట్టపెట్టెలదే. కట్టి ముగించిన ప్యాలెట్‌ను కింది చెక్కతో సహా గిడ్డంగిలో మళ్లీ కొలుస్తారు కాబట్టి, బిల్లు కొటేషన్‌ను దాటిపోవడానికి ఇదొక్కటే చాలు.

అసలు చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. చైనా రేవుల నుంచి వచ్చే ఎల్‌సీఎల్ కొటేషన్లలో ఫ్రైట్ సున్నా అనీ, ఒక్కోసారి మైనస్‌లోనూ కనిపిస్తుంది. ఎవరూ సరుకును ఊరికే మోయరు. అక్కడ కన్సాలిడేటర్లు, అంటే పలువురి సరుకును ఒకే కంటైనర్‌లో చేర్చి పంపేవారు, కంటైనర్ నింపుకోవడానికి పోటీపడి ఫ్రైట్ వదులుకుంటారు. ఆ లోటును చెన్నైలోని వారి ఏజెంట్ టెర్మినల్ హ్యాండ్లింగ్, డీస్టఫింగ్ (కంటైనర్‌లోంచి సరుకు దింపడం), డాక్యుమెంటేషన్, డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల చేయమనే పత్రం) వంటి పేర్లతో దిగుమతిదారు దగ్గర రాబట్టుకుంటాడు. లెక్క కోసం రెండు కొటేషన్లు అనుకుందాం. మొదటిదానిలో క్యూబిక్ మీటరుకు 40 డాలర్ల ఫ్రైట్, చెన్నై ఖర్చులు కూడా క్యూబిక్ మీటరుకే 3,000 రూపాయలు. రెండోదానిలో ఫ్రైట్ సున్నా, చెన్నై ఖర్చులు క్యూబిక్ మీటరుకు 9,000 రూపాయలు. డాలరు 85 రూపాయలనుకుంటే, 3 క్యూబిక్ మీటర్లకు మొదటివారికి 19,200, రెండోవారికి 27,000 చెల్లించాలి. పైగా రెండోదానిలోని 9,000 కొటేషన్ కాగితంపై ఉండకపోవచ్చు, సరుకు చెన్నైకి చేరాకే తెలియవచ్చు. అప్పటికి డెలివరీ ఆర్డర్ ఏజెంట్ చేతిలో ఉంటుంది, అది లేనిదే సరుకు బయటకు రాదు, బేరమాడే వీలు ఉండదు.

సీఐఎఫ్ పద్ధతిలో కొనేవారికి ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. అందులో ఫ్రైట్ అమ్మకందారు కడతాడు కనుక ఫార్వర్డర్‌నూ (సరుకు రవాణా ఏర్పాట్లు చూసేవారిని) అతనే ఎంచుకుంటాడు. చెన్నై ఖర్చులు ఎంతైనా అతనికి పట్టదు. చిన్న దిగుమతిదారులు ఎఫ్‌ఓబీపై, అంటే సరుకు ఓడ ఎక్కాక ఫ్రైట్ కొనేవాడే కట్టుకునే పద్ధతిలో కొని, తమ ఫార్వర్డర్‌ను తామే పెట్టుకుని, చెన్నై ఖర్చులన్నిటినీ సరుకు ఓడ ఎక్కకముందే రాతపూర్వకంగా తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఫార్వర్డర్ల వ్యాపారాన్ని నేను తప్పుపట్టడం లేదు. వారి సేవకు ధర ఉంటుంది. ఆ ధర కొనేవాడికి ముందే తెలియాలన్నదే నా వాదన.

పూర్తి కంటైనర్ తీసుకునేవారి సంగతి కాస్త వేరు. ఇక్కడ మూల ఫ్రైట్ మీద రకరకాల సర్‌ఛార్జీలు (అదనపు రుసుములు) చేరతాయి. ఓడ ఇంధనంలో గంధకం పరిమితిని 2020 జనవరి 1 నుంచి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాక ఖరీదైన ఇంధనం పేరుతో ఒక వరుస వచ్చింది. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్లే లైనర్లు ఆఫ్రికా దక్షిణ కొన చుట్టూ తిరగడంతో ఇంకో వరుస, 2024లో యూరప్ కర్బన ఉద్గారాల నిబంధన ఓడలకూ వర్తించాక మరొకటి చేరాయి. వీటికి వాస్తవమైన కారణాలున్నాయి. అయితే కొటేషన్ గడువు బుకింగ్ తేదీకి వర్తిస్తుందా, ఓడ బయలుదేరే తేదీకా అన్నది తప్పక అడగాలి. ఆ మధ్యలో రేటు మారితే భరించేది సరుకుదారే. ఎగుమతిదారులకు బరువు మరో లెక్క. 20 అడుగుల కంటైనర్‌లో సుమారు 33 క్యూబిక్ మీటర్ల చోటు ఉన్నా, మోయగలిగేది 28 టన్నుల చుట్టుపక్కలే కాబట్టి, చీమకుర్తి గ్రానైట్ నింపితే మూడో వంతు చోటు నిండేసరికే బరువు పరిమితి అయిపోతుంది.

ఫ్రైట్ అంకె కస్టమ్స్ సుంకాన్నీ ప్రభావితం చేస్తుందని చాలామంది పట్టించుకోరు. సరుకు ధరకు దిగుమతి రేవు దాకా అయిన ఫ్రైట్, ఇన్సూరెన్స్ కలిపిన విలువపై సుంకం లెక్కిస్తారు. 2017 సెప్టెంబరు సవరణ తర్వాత చెన్నై రేవులో దింపుకునే, హ్యాండ్లింగ్ ఖర్చులు అందులో చేరవు. ఎఫ్‌ఓబీపై కొని ఫ్రైట్ ఎంతో రుజువు చూపలేకపోతే ఎఫ్‌ఓబీ విలువలో 20 శాతాన్ని ఫ్రైట్‌గా తీసుకుంటారు, ఇన్సూరెన్స్‌కైతే 1.125 శాతం. అందుకే ఫ్రైట్‌నూ స్థానిక ఖర్చులనూ కలిపేసి ఒకే మొత్తం రాసిచ్చే ఇన్‌వాయిస్‌ను అంగీకరించకూడదు.

ఇక మిగిలింది రోజుల ఖర్చు. కంటైనర్‌ను లైన్ (ఓడ కంపెనీ) ఇచ్చిన ఉచిత రోజుల్లోగా ఖాళీ చేసి తిరిగి అప్పగించకపోతే డిటెన్షన్ అనే ఆలస్య రుసుము పడుతుంది, సరుకు సీఎఫ్‌ఎస్‌లో (రేవు సరుకును ఉంచే కంటైనర్ గిడ్డంగిలో) ఉండిపోతే గ్రౌండ్ రెంట్ పడుతుంది, రెండూ ఒకేసారి నడవవచ్చు. ఉచిత రోజులు ఎప్పటినుంచి లెక్కిస్తారు, పొంగల్ సెలవులూ 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను వంటి రోజులూ అందులో కలుస్తాయా అన్నవి కొటేషన్‌లోనే ఉండాలి. అలాగే చెన్నై అని రాసినా సరుకు దిగేది చెన్నై రేవులోనా, ఎన్నూరులోనా, కాట్టుపల్లిలోనా, ఖాళీ కంటైనర్‌ను మణలి వైపు యార్డులో అప్పగించాలా, శ్రీపెరుంబుదూరు వైపా అన్నది కూడా ముందే రాయించుకోవాలి, ఎందుకంటే లారీ కిరాయి దాన్నిబట్టే మారుతుంది.