మళ్లీ ఆ టయోటా మెసేజే

ఈ వారంలో ఇది నాలుగోసారి. సోమవారం మా బావ పంపాడు. మంగళవారం పాలిటెక్నిక్ బ్యాచ్ గ్రూపులో పడింది. నిన్న మా పాత ప్లాంట్ హెడ్ గారు "మస్ట్ రీడ్" అని పెట్టారు. ఇవాళ పొద్దున్న పళ్లు తోముకుంటుంటే మళ్లీ బావే, సోమవారం పంపిన సంగతి మర్చిపోయి. "టయోటాని నంబర్ వన్ చేసిన 7 లీన్ రహస్యాలు, ప్రతి చిన్న పరిశ్రమ యజమానీ చదవాల్సింది" అని పైన సూర్యోదయం బొమ్మ, కింద దండాలు. లీన్ అంటే టయోటాలో పుట్టిన, పనిలో వృథాని తగ్గించే పద్ధతి.

అందనివాళ్లు అదృష్టవంతులు. వాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఒకటి, స్టాకు సున్నా చేయండి. రెండు, పదిమంది పని ఆరుగురితో చేయించండి, అదే లీన్. మూడు, 5ఎస్ (పనిచేసే చోటుని సర్ది, శుభ్రంగా ఉంచే పద్ధతి) పెడితే నెలలో ఉత్పత్తి రెట్టింపు. నాలుగు, జపాన్‌లో లైను ఎప్పుడూ ఆగదు. ఐదు, కొత్త ప్రొడక్ట్ డిజైన్ మొదటి రోజే ఖరారు చేస్తే టైమూ డబ్బూ ఆదా. ఆరు, ఇదంతా జపాన్ వాళ్ల రక్తంలో ఉంది, మనవాళ్లకి రాదు. ఏడు, యజమాని రోజూ షాప్ ఫ్లోర్ మీద కాసేపు నిలబడాలి. చివర్లో బోనస్‌గా సబ్బుల ఫ్యాక్టరీలో ఖాళీగా వచ్చిన పెట్టెల్ని టేబుల్ ఫ్యానుతో ఊది పట్టుకున్న కథ.

టయోటా సబ్బులు చేయదు. ఆ కథ అయిపోయింది.

5ఎస్ మంచిదే, కానీ దానితో ఏదీ రెట్టింపు అవదు. మా యూనిట్‌లో పెట్టించింది నేనే. అక్కర్లేని వస్తువులకి రెడ్ ట్యాగులు కట్టి తీసేశాం, గీతలు గీశాం, ముందూ తర్వాతా ఫొటోలు తీశాం. స్పానర్ వెతుక్కునే టైము తగ్గింది. కస్టమర్ ఆడిట్ రోజు కళకళలాడింది. అంతవరకే.

నాలుగోది చదివి నవ్వాపుకోలేకపోయాను. ఆ కంపెనీ కథ మొదలైందే ఆగడంతో. టయోటా వ్యవస్థాపకుడి తండ్రి సాకిచి టొయోడా 1924లో తెచ్చిన మగ్గం, దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. ఆ హక్కుల కోసం 1929లో ఇంగ్లాండ్‌లోని మగ్గాల కంపెనీ ప్లాట్ బ్రదర్స్ డబ్బు కట్టింది. కార్ల లైను మీద తలపైన తాడు వేలాడేదీ అందుకే. తేడా కనిపిస్తే ఆపరేటర్ లాగుతాడు, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, ఆ స్టేషన్ దాటేలోపు సరికాకపోతే లైను ఆగుతుంది. మన దగ్గర లైను ఆపినవాడి దగ్గరికి పరిగెత్తుకొచ్చేది మెమో.

ఇక స్టాకు. పాలు రోజూ తెచ్చుకుంటాం, ఆవకాయ ఏడాదికోసారి పెట్టుకుంటాం. "జస్ట్ ఇన్ టైమ్ పెడదాంలే, కావాల్సినప్పుడే తెచ్చుకుందాం" అని మా అమ్మ ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే డిసెంబర్లో ఆ కాయ దొరకదు. ఏది ఎంత ఉంచాలో అది మళ్లీ ఎప్పుడు వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ సంగతి టయోటా కూడా దెబ్బలు తినే నేర్చుకుంది. 1997 ఫిబ్రవరి 1న జపాన్లోని కరియాలో, టయోటాకి విడిభాగాలు చేసే ఐసిన్ ఫ్యాక్టరీ కాలిపోయింది. బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది. టయోటా దగ్గర ఉన్న స్టాకు గంటల లెక్కలో ఉంది, దాంతో లైన్లు వరసగా ఆగిపోయాయి. చుట్టుపక్కల పదుల కొద్దీ సంస్థలు, ఆఖరికి కుట్టుమిషన్ల కంపెనీ బ్రదర్ కూడా, తలా కొన్ని వాల్వులు చేసిస్తే వారంలో తేరుకున్నారు. 2011 భూకంపం తర్వాత చిప్‌ల విషయంలో సప్లయర్లకి వాళ్లే చెప్పారు, రెండు నుంచి ఆరు నెలల స్టాకు ఉంచమని. సున్నా అట!

పైగా స్టాకు ఊరికే పేరుకోదు. మా 200 టన్నుల ప్రెస్ మీద ఒక డై (రేకుని కావాల్సిన ఆకారంలో కొట్టే అచ్చు) దించి ఇంకోటి ఎక్కించడానికి ఒకప్పుడు రెండున్నర గంటలు పట్టేది. అందులో సగం టైము వెతకడమే. ఒక బోల్టు పొడవెక్కువ, ఇంకోటి పొట్టి, కింద పెట్టే ప్యాకింగ్ ముక్క పక్క మెషిన్‌వాళ్లు పట్టుకెళ్లారు, ఫోర్క్‌లిఫ్ట్ డిస్పాచ్‌లో ఉంది. ఇంత తంటా పడి డై ఎక్కించాక ఎవడైనా 300 ముక్కలు కొట్టి దించుతాడా? 5,000 కొడతాడు. ఆ 5,000ని గోడౌన్‌లో చూసి యజమాని "స్టాకు తగ్గించండి" అని అరుస్తాడు. టయోటాలో 1,000 టన్నుల ప్రెస్ డై మార్పిడి నాలుగు గంటల నుంచి గంటన్నరకి, చివరికి మూడు నిమిషాలకి దిగిందని జపాన్ ఇంజనీర్ షిగెయో షింగో రాశాడు. ముందు అది జరిగాకే స్టాకు తగ్గుతుంది. మేం బోల్టులన్నీ ఒకే సైజుకి మార్చి, తర్వాతి డైని ముందే ట్రాలీ మీద సిద్ధంగా ఉంచితే నలభై నిమిషాలకి వచ్చాం. మూడు నిమిషాలు మా తరంలో కాదు.

ఐదోది, డిజైన్ గురించి చెప్పింది, పూర్తిగా తలకిందులు. వాళ్లు మొదట్లో ఒకే సమస్యకి నాలుగైదు దారులు సమాంతరంగా నడుపుతారు, పనికిరానివి ఒక్కొక్కటే వదిలేసుకుంటూ ఆలస్యంగా ఖరారు చేస్తారు. 1993లో మొదలై 1997 డిసెంబర్లో అమ్మకానికొచ్చిన ప్రియస్‌లో, చీఫ్ ఇంజనీర్ ఉచియమదా బృందం పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ కలిపే రకరకాల హైబ్రిడ్ అమరికల్ని పోల్చి చూశాకే ఒకటి పట్టుకుంది. మొదటి రోజే ఖరారు చేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒక కస్టమర్ "ఇదే ఫైనల్, మార్పుల్లేవు" అని బ్రాకెట్ డ్రాయింగ్ ఇచ్చాడు, మేం డై చేశాం. ట్రయల్ ముక్కలు వెళ్లాక ఒక రంధ్రం నాలుగు మిల్లీమీటర్లు జరిగింది. పాత రంధ్రం చోట వెల్డింగ్ నింపి, మళ్లీ గ్రైండ్ చేసి, మళ్లీ హార్డెనింగ్‌కి పంపి... కాగితం మీద రబ్బరుతో పోయే గీత అది.

ఆరోదాన్ని రక్త పరీక్షలవాళ్లకి వదిలేద్దామనుకున్నాను గానీ, ఒక్క మాట. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అమెరికన్ కార్ల కంపెనీ జీఎం 1982లో మూసేసిన ప్లాంటుని టయోటా, జీఎం కలిసి 1984లో మళ్లీ తెరిచాయి. తీసుకున్నది ఎక్కువగా పాత కార్మికుల్నే, యూనియన్ కూడా అదే. పని ఎగ్గొట్టడంలో, నాణ్యత పాడుచేయడంలో పేరుమోసిన ఆ జనమే కొద్దికాలంలో మంచి కార్లు చేశారు. మరి ఆ రెండేళ్లలో వాళ్లకి రక్తం ఎవరెక్కించారు?

ఇప్పుడు రెండో పాయింటు. అసలు నేను రాయడానికి కూర్చున్నదే దీని గురించి. మిగతావి చదివి నవ్వుకుంటే పోతుంది, ఇది మాత్రం మనుషుల పొట్ట కొడుతుంది.

పేరులోనే చిక్కుంది. లీన్ అంటే బక్కపలచన. ఆ పేరు టయోటా పెట్టుకున్నది కూడా కాదు, 1988లో జాన్ క్రాఫ్సిక్ అనే అమెరికన్ ఇంజనీర్ పెట్టాడు. మన యజమానులకి వినగానే అర్థమైంది, చిక్కాల్సింది జీతాల పట్టీ అని.

పదేళ్ల క్రితం నేనున్న ఒక యూనిట్‌లో ఒక కన్సల్టెంట్ని పెట్టుకుని లీన్ అని మొదలుపెట్టారు. అసెంబ్లీ టేబుల్ దగ్గర తొమ్మిది మంది ఉండేవాళ్లు. రెండో వారంలో ఒక కాంట్రాక్ట్ కుర్రాడు వచ్చి, "సార్, ఈ ఫిక్చర్ అడ్డంగా తిప్పి పెడితే ముక్కని తిరగేయక్కర్లేదు" అన్నాడు. తిప్పాం. ముక్కకి తొమ్మిది సెకన్లు మిగిలాయి. అతనికి చప్పట్లు కొట్టాం, ఫొటో తీసి బోర్డు మీద అంటించాం. రెండు నెలలకి తొమ్మిది మందిని ఏడుగురు చేశారు. తీసేసిన ఇద్దరిలో అతనొకడు, కాంట్రాక్ట్ కాబట్టి తేలిక. ఫొటో మాత్రం ఇంకో నెల బోర్డు మీదే ఉంది, తీయాలని ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత సలహాల పెట్టె తెరిస్తే మూడు దొరికాయి: ఒక బస్సు టికెట్, ఒక గుట్కా ప్యాకెట్, "ఫ్యాను బాగుచేయండి" అని ఒక చీటీ. సెకన్లు ఎక్కడ పోతున్నాయో ఆ టేబుల్ దగ్గర అందరికీ తెలుసు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. నేనే ఆ టేబుల్ దగ్గర పనిచేస్తూ ఉంటే నేనూ చెప్పేవాణ్ణి కాదు. మిగిలిన ఏడుగురూ తరుముకుంటూ పనిచేస్తే రిజెక్షన్ పెరిగింది, పాడైన ముక్కల్ని సరిచేసే రీవర్క్‌కి రాత్రి షిఫ్ట్‌లో ముగ్గుర్ని పెట్టారు. తొమ్మిదిలోంచి రెండు తీసి మూడు కలిపితే ఎంతో ఆ కన్సల్టెంట్ గారే చెప్పాలి. ఆయన ప్రెజెంటేషన్‌లో తీసివేత వరకే ఉంది.

టయోటా ఎప్పుడూ ఎవర్నీ తీసేయలేదా? తీసేసింది, ఒప్పుకుంటాను. 1950లో దివాలా అంచుకి చేరినప్పుడు 1,600 మందిని పంపేయాలని ప్రతిపాదించింది. సమ్మె జరిగింది, చివరికి జనం వెళ్లారు. అయితే వాళ్లతో పాటు వ్యవస్థాపకుడు కిచిరో టొయోడా కూడా అధ్యక్ష పదవికి రాజీనామా చేసి వెళ్లాడు. మన మెసేజ్ పంపేవాళ్లు ఈ సగం ఎందుకు పంపరో! ఫ్రీమాంట్‌లో యూనియన్‌తో ఒప్పందమే ఉంది, ముందు మేనేజర్ల జీతాలు కోసుకున్నాకే కార్మికుల జోలికి రావాలని. 1988 ప్రాంతంలో అమ్మకాలు పడిపోతే పనిలేనివాళ్లని ఇంటికి పంపకుండా ట్రైనింగ్‌లో కూర్చోబెట్టారు. అలాగని టయోటా గుడేమీ కాదు. 2020 నవంబర్లో బెంగళూరు దగ్గర బిడదిలో వాళ్ల ప్లాంటే లాకౌట్ అయింది, కార్మికుల ఫిర్యాదుల్లో పనిభారం ఒకటి. టయోటా పద్ధతిలో ముదా, మురా, మురి అని మూడు మాటలున్నాయి. మొదటిది వృథా, అందరికీ నోటికొచ్చు. రెండోది హెచ్చుతగ్గులు. మూడోది మోయలేని బరువు. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

2023 మార్చిలో కేంద్రం చిన్న పరిశ్రమలకి లీన్ స్కీము కొత్త రూపంలో తెచ్చింది, కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. మంచి స్కీము. తెలిసిన ఒక యజమానికి దీని గురించి చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతమంది తగ్గుతారు?" ఎక్కడ చదివాడో నాకు తెలుసు. పైన సూర్యోదయం ఉంటుంది.

మిగిలింది ఏడోది. అది కరెక్టే. అక్షరాలా కరెక్టు. టయోటా పద్ధతికి రూపమిచ్చిన తైచి ఒహ్నో నేల మీద సుద్దతో గుండ్రం గీసి మనిషిని అందులో గంటల తరబడి నిలబెట్టేవాడంటారు. ఈ మెసేజ్ మీద కోపంతోనే, నేను అలా నిలబడి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకున్నాను. ఆరు వారాలు. గురువారం వెళ్లి మూడో ప్రెస్ దగ్గర అరగంట నిలబడ్డాను. ఆపరేటర్ ప్రతి ముక్కకీ నడుం వంచి నేల మీదున్న బిన్‌లో పెడుతున్నాడు. బిన్ కింద స్టూలు ఉండేది కదా అని అడిగాను.

"5ఎస్‌లో పోయింది సార్" అన్నాడు.

స్క్రాప్ యార్డులో వెతికితే దొరికింది. రెడ్ ట్యాగ్ ఇంకా దాని కాలికే ఉంది. "అనవసరం" అని రాసి, కింద సంతకం నాది.