కోరం కుదిరేదాకా ఓపిక పట్టమ్మా

దెబ్బలు తిన్న ఆడవాళ్లకు పైసా తీసుకోకుండా కోర్టు సాయం చేస్తామని బోర్డు పెట్టే సంస్థల మీద, మరీ ముఖ్యంగా వాటి పాలకవర్గాల మీద ఈమధ్య కర్నూలు కుర్రలాయర్లు కొందరు నోరు పారేసుకుంటున్నారు. మీటింగులు జరగవట, లెక్కలు చూపించరట, ఒక్క సంతకానికి నెలలు పడుతుందట. వీళ్లకు ఊరి చరిత్ర తెలియదు. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందంలో రాజధాని కావాలో హైకోర్టు కావాలో కోరుకునే హక్కు సీమకే ఇచ్చారు. 1953లో రాజధాని మనకొచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది, 1956లో రాజధాని కూడా హైదరాబాదుకు పోయింది, మొన్నమొన్న న్యాయ రాజధాని అన్నారు, అదీ చూశాం. న్యాయం కోసం ఇన్ని తరాలుగా కూర్చుని కూర్చుని నడుములు పట్టేసిన ఊళ్లో, కోసిగి నుంచి బస్సెక్కి వచ్చిన ఒక ఆడమనిషి పాలకవర్గం అనుమతి కోసం నాలుగు నెలలు కూర్చుంటే కొంపలేం మునుగుతాయి?

కాబట్టి ఈ పాలకవర్గాల గొప్పతనం నాలుగు మాటల్లో చెప్పాలనుకుంటున్నా. నమూనాగా ఒక సంస్థను ఊహించుకుందాం, పేరెందుకులెండి. అధ్యక్షుడు రిటైరైన పెద్ద ఆఫీసరు. కార్యదర్శికి కల్యాణ మండపం ఉంది. కోశాధికారికి పత్తి మిల్లు. ఒక మాజీ జడ్పీటీసీ, ఒక మాజీ ప్రిన్సిపాలు, వ్యవస్థాపకుడి అల్లుడు, ఇంకా ఒక 'మహిళా సభ్యురాలు'. గృహహింస కేసు నడిపినవాళ్లు గానీ అలాంటి ఇంట్లోంచి బయటపడి వచ్చినవాళ్లు గానీ ఇందులో ఎవరూ లేరే అని అడుగుతారు కొందరు. ఉంటే ఇంకేమైనా ఉందా? ప్రతి మీటింగులో కేసుల గురించే మాట్లాడతారు, లెటర్‌హెడ్ మీద ఎవరి పేరు ఎవరి పైన ఉండాలన్న అసలు విషయం పక్కకు పోతుంది.

గృహహింస చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మేజిస్ట్రేటు దగ్గర అర్జీ పడితే మామూలుగా 3 రోజులు దాటకుండా మొదటి విచారణ పెట్టాలని, అక్కణ్నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అందులో రాశారు. చట్టానిదేముంది, దానికి కోరం, అంటే మీటింగుకు సరిపడా సభ్యుల హాజరు, అక్కర్లేదు. మన సంస్థలో మాత్రం లాయరు అర్జీ రాయాలంటే ముందు కేసుల పరిశీలన ఉపసంఘం చూడాలి, ఆ ఉపసంఘం సిఫార్సును పాలకవర్గం ఆమోదించాలి, అధ్యక్షుడేమో అమెరికాలో కొడుకు దగ్గరున్నాడు. సాయం కోసం వచ్చిన ఆమెను ఈలోగా ఇంటికి పంపిస్తారు. ఏ ఇంటికి అని అడక్కండి, ఉన్నది ఒకటే ఇల్లు.

ఇక దరఖాస్తు ఫారం. దాన్ని ఎవరు తయారుచేశారో గానీ పాదాలకు మొక్కాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండానే ఉచిత న్యాయ సాయం అందాలి. ప్రభుత్వం సొమ్ము కాబట్టి అలా అన్నారు. మనది దాతల సొమ్ము, అందుకే తహసీల్దారు ఇచ్చిన ఆదాయ సర్టిఫికెట్ కావాలి, రైస్ కార్డు జిరాక్సు కావాలి. కార్డు అత్తగారి బీరువాలో ఉందా? వెళ్లి అడిగి తెచ్చుకోవచ్చుగా. ఫారం చివర్లో 'ఇంటి యజమాని సంతకం' అని ఒక గడి ఉంది. ఎవరి మీద ఫిర్యాదో ఆయనే సంతకం పెట్టేస్తే రెండు పక్షాలకూ సమాచారం అందినట్టే, నోటీసు ఖర్చు మిగిలినట్టే. ఒకావిడ సంతకం లేకుండా తెచ్చింది. కార్యాలయం వాళ్లు మర్యాద తెలిసినవాళ్లు, 'మీ గృహహింస దరఖాస్తు అసంపూర్తిగా ఉంది' అని రిజిస్టర్డ్ పోస్టులో ఇంటికే ఉత్తరం రాశారు. భర్త సంతకం పెట్టి తీసుకున్నాడు. చూశారా, ఎట్లాగో సంతకం దొరికింది.

పాలకవర్గమన్నాక డబ్బు ఎక్కడికి పోతుందో తెలిసుండాలి, సాయం అడిగిన మనిషి ఎవరో మాత్రం తెలియకూడదు అని కుర్రలాయర్ల వాదన. మనవాళ్లు దీన్ని సరిగ్గా తిరగేశారు, అందులోనే ఉంది వాళ్ల ప్రతిభ. ఆదోని నుంచి ఎవరొచ్చారు, ఎమ్మిగనూరు నుంచి ఎవరొచ్చారు, ఎవరి కోడలు, ఏ వీధి, పెళ్లప్పుడు ఎన్ని తులాలు పెట్టారు, అన్నీ నోటికి చెబుతారు. లాయరుకు చెప్పుకున్న మాట లాయరు దగ్గరే ఉండాలని పాత సాక్ష్య చట్టంలోనూ ఉంది, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది, కానీ మిర్చి బజ్జీలు వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుకోవాలి కదా. పోయినేడు లాయర్లకు ఎంతిచ్చారు అని అడిగితే మాత్రం అందరూ కోశాధికారి వైపు చూస్తారు, కోశాధికారి ఆడిటరు పేరు చెబుతాడు, ఆడిటరు ఫోనెత్తడు.

ఒకసారి ఫైలు తెరిస్తే అవతలి పార్టీ మాజీ జడ్పీటీసీ గారి బామ్మర్దే అని తేలింది. వేరే ఊళ్లలో అయితే ఆ సభ్యుడు లేచి బయటకు వెళ్లాలట. ఈయన కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. "మనోళ్లే, నేను మాట్లాడ్తా, కోర్టు దాకా యాల?" అని ఆమెను పిలిపించి, "ఏమ్మా, మొగుడన్నాక ఒగ మాట అంటాడు, ఒగ దెబ్బ కొడ్తాడు, పిల్లోళ్ల మొగం చూసి సర్దుకోవల్ల" అని పది నిమిషాల్లో తేల్చేశాడు. మినిట్స్‌లో 'మధ్యవర్తిత్వం విజయవంతం' అని ఎక్కింది. కోసిగి ఆమె సంగతి ఇంకా సులువుగా తెమిలింది. అనుమతి వచ్చేలోపు ఆమె పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు మిర్చి కోతలకు వలస పోయింది. 'దరఖాస్తుదారు ఆసక్తి చూపలేదు' అని రాసి ఫైలు మూశారు. వార్షిక నివేదికలో ఈ రెండూ 'పరిష్కరించిన కేసులు' కింద ఉన్నాయి, రంగుల ఫొటోతో సహా.

జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది కదా, 15100కు ఫోన్ చేసినా చాలు కదా, మధ్యలో వీళ్లెందుకు అంటారా? అక్కడ మర్యాదేముంది! అధ్యక్షుడు జిల్లా జడ్జి, ఆ కుర్చీని అల్లుడికి ఇచ్చుకునే వీలు కూడా లేదు. మార్చి 8న మనవాళ్లు చేసే సభ లాంటిది అక్కడ చూడగలరా? రాజ్‌విహార్ దగ్గర ఫ్లెక్సీలు, వేదిక మీద బాధితులను వరసగా నిలబెట్టి కుట్టుమిషన్లు, విలేకరులకు పేరు, ఊరు రాసిచ్చిన కాగితం. లైంగిక దాడి బాధితురాలి పేరు అచ్చేస్తే పాత ఐపీసీ 228ఏ కిందా, ఇప్పటి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72 కిందా రెండేళ్ల దాకా జైలు ఉందని సంస్థ లాయరమ్మ గుర్తుచేస్తే, "మంచి పనికి కూడా సెక్షన్లేనా" అని కార్యదర్శి నొచ్చుకున్నాడు. ఆ లాయరమ్మకు ఆరు నెలల ఫీజు బాకీ ఉంది, ఫ్లెక్సీల వాడికి లేదు.

మహిళా సభ్యురాలి గురించి చెప్పనేలేదు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, దెబ్బలు చూస్తే ఎట్లా తగిలాయో చెప్పగలదు. మొదటి మీటింగులో ఫారంలో ఆ సంతకం గడి తీసేయమంది. రెండో మీటింగులో సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెడతారు, ఆడిట్ కాగితాలేవి అంది. మూడో మీటింగులో ఆమె సుదీర్ఘ సేవలను గుర్తించి శాలువా కప్పి, పూలదండ వేసి, ఫొటో తీసి పంపించారు. ఖాళీ అయిన సీటుకు కోశాధికారి సతీమణి పేరు ఏకగ్రీవంగా అనుకున్నారు. ఆమెకు ఇంకా చెప్పలేదు, సంతకం ఆయనే పెట్టించుకొస్తాడట.